తొలి జొన్న మొలిచిన దిబ్బ

గాదెలు నిండేసరికి ఆ ఊళ్లో కొమ్మయ్య అనే దొర కూడా మొలిచాడు. ఊరిని నిలిపింది తానేనని రాయి మీద పేరు చెక్కించి, తొలి జొన్న మొలిచిన దిబ్బలో పాతమన్నాడు.

ఆ దిబ్బ కింద ముసలి సింగి కూతురుంది. అందరూ అడవులు పట్టి తిరిగే కాలంలో, చనిపోయిన పసిదానికి ఆకలేస్తుందని సింగి అక్కడ గుప్పెడు జొన్నలు చల్లి, ఇక కదలనంది. ఆమె కోసం ఆగినవాళ్లే ఊరయ్యారు.

సింగి గునపాలకు అడ్డంగా కూర్చుంది. "పాతించు దొరా. పేరున్న రాయి కింద ఆ పేరు గలవాణ్ణే పడుకోబెట్టడం మన ఆచారం కదా. నా బిడ్డను కాస్త జరగమంటాను. నువ్వెప్పుడు దిగుతావు?"

గునపాలవాళ్లు దొర వంక చూశారు. దొర రాయిని వెనక్కి మోయించాడు.

సింగి గుప్పెడు జొన్నలు చల్లి, "తిని పడుకో తల్లీ, మనం ఎక్కడికీ పోవట్లేదు" అంది.