జిలానీ వేసిన తాళం

దావూద్ కొత్త శిష్యుడిగా వచ్చి చేరిన రోజు నుంచీ జిలానీకి స్థిమితం లేదు.

సూఫీ గురువు నిజాం షా దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, కడుపులో దాచుకున్న బాధలు చెప్పుకునేవారు. బయటికి పొక్కితే కాపురాలు కూలిపోయే మాటలు. గురువుకు మరపు ముదిరాక, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి కాపాడే పని జిలానీకి అప్పగించారు.

వేరేవాళ్లు చదవకుండా అతడు ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. కంప్యూటర్ లోపల ప్రతి అక్షరమూ ఓ స్విచ్చుల వరస. కొన్ని వేసి ఉంటాయి, కొన్ని ఆర్పి ఉంటాయి. జిలానీ రహస్యపదం వాటిలో కొన్నింటిని తిరగేస్తుంది. వేసింది ఆరుతుంది, ఆరింది వెలుగుతుంది. దాంతో అక్షరం కాస్తా పిచ్చిగీత అయిపోతుంది. దాన్నే అతడు తాళం అనేవాడు.

దావూద్‌కూ ఆ విద్య వచ్చు. పైగా నోరు విప్పడు, అడుగుల చప్పుడు వినపడదు. వాడు గదిలోకి వస్తే జిలానీ తెరకు చెయ్యి అడ్డం పెట్టేవాడు.

ఒక ఉదయం చూస్తే ఫైలుకు తాళం లేదు. మాటలన్నీ బట్టబయలుగా ఉన్నాయి.

"నువ్వే తీశావు," అన్నాడు జిలానీ.

దావూద్ లోపలికెళ్లి సంచి సర్దుకోసాగాడు.

"చూశారా హజ్రత్! తప్పు చేశాడు గనకే పోతున్నాడు."

నిజాం షా కంప్యూటర్ ముందు చతికిలబడ్డారు. "తాళం గట్టిగానే వేశావా, బేటా?"

"వేశాను హజ్రత్. నిన్న వాడు ఈ గదిలో తచ్చాడుతుంటే అనుమానమొచ్చి, దాని మీద మళ్లీ వేశాను."

"అదే పదంతోనా?"

"అదే పదంతో."

గురువు ఒక్క వేలితో వెతికి వెతికి 'మ' కొట్టారు. "దీనికి వెయ్యి."

జిలానీ వేశాడు. 'మ' పోయి పిచ్చిగీత వచ్చింది.

"ఇప్పుడు నమ్మకమేనా?"

జిలానీ వాకిలి వైపు చూశాడు. దావూద్ అక్కడ చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఆ చూపు ఉందే, దానికోసం ఇంకోసారి వెయ్యి."

జిలానీ వేశాడు. తిరగబడ్డ స్విచ్చులే మళ్లీ తిరగబడ్డాయి. తెర మీద 'మ' వచ్చి నిలబడింది.

అతడి చెయ్యి మీటల మీదే ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"వాణ్ణి నేను పిలవనా?" అన్నారు గురువు.

"వద్దు హజ్రత్. నేనే వెళతాను."

అతడు గడప దాటుతుంటే గురువు వెనకనుంచి కేకేశారు. "ఫైలు బార్లా తెరిచి ఉందిరా! దీనికి తాళం ఎవరు వేస్తారు?"

"దావూద్ వేస్తాడు హజ్రత్," అంటూ జిలానీ వట్టికాళ్లతో ఎండలోకి పరుగెత్తాడు.