రెండో చీటీ

"లక్షణాలన్నీ కళ్ళెదుటే కనబడుతున్నప్పుడు జబ్బు పేరు మనమే వేసేస్తే తప్పేమిటి మేడమ్?" అని ప్రత్యూష ఒకరోజు రత్నప్రభ గారిని అడిగింది. రత్నప్రభ గారు హనుమకొండలో ఒక స్త్రీల ఆసుపత్రి రికార్డుల గదికి పెద్ద. మా ఐదుగురికీ మెడికల్ కోడింగ్ నేర్పిన గురువు ఆవిడే. కోడింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. డాక్టరు రాసిన ఫైలు చదివి, అందులోని ప్రతి జబ్బుకూ దానికంటూ కేటాయించిన అంకె వేయడమే. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు ఆ అంకె చూసే ఈ మనిషికి ఏముందో నమ్ముతాడు. మేడమ్‌కు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మాకేమో ఒళ్ళు మండేది.

ఆ రోజు ప్రత్యూష చేతిలో ఉన్నది ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఫైలు. పేరు చెప్పను, మా పనిలో అది మొదటి కట్టుబాటు. ఆ అమ్మాయికి ఏడు నెలలుగా నెలసరి లేదు. ఒళ్ళు చేసింది, గడ్డం కింద వెంట్రుకలు వచ్చాయి. స్కానింగులో రెండు అండాశయాల నిండా చిన్న చిన్న నీటిబుడగలు. ఇంకేం కావాలి? దారిన పోయేవాళ్ళను ఆపి అడిగినా పీసీఓడీ అనే చెప్తారు. కానీ చూసిన డాక్టర్ అరుంధతి గారు జబ్బు పేరు రాయాల్సిన చోట ఏమీ రాయలేదు. ఆ పూట ఓపీలో డెబ్బై మంది ఉన్నారు, పైగా స్కానింగు రిపోర్టు తర్వాతెప్పుడో వచ్చి ఫైల్లో చేరింది. రిపోర్టులో బుడగలు కనిపించినంత మాత్రాన మేం అంకె వేయకూడదు. డాక్టరు ఆ పేరు రాయాలి, రాయకపోతే మేం చీటీ పెట్టి అడగాలి. ఫైలేమో సాయంత్రం ఐదింటికల్లా అంకెలు పడి మా గది నుంచి వెళ్ళిపోవాలి.

"నాకు పదహారో ఏటి నుంచి ఇదే ఉంది మేడమ్. ఈ గడ్డం గొడవ, ఈ బరువు గొడవ నాకు తెలియనివా?" అంది ప్రత్యూష. ఆరేళ్ళుగా మందులు మింగుతున్న పిల్ల, చుట్టాల ఎత్తిపొడుపులు ఎన్ని పడిందో మా అందరికీ తెలుసు. నాకైతే ప్రత్యూష చెప్పిందే నిజమనిపించింది, మేడమ్ ఊరికే సతాయిస్తున్నారనీ అనిపించింది.

"అది నీ ఫైలు కాదమ్మా," అన్నారు రత్నప్రభ గారు మెల్లగా. "డాక్టర్ గారిని అడుగు."

ప్రత్యూష విసవిసా ఒక చీటీ రాసి ఆవిడ ముందు పెట్టింది. 'ఈ రోగికి పీసీఓడీ అని వేయమంటారా?' అని ఉంది అందులో. ఆవిడ చదివి, దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు.

"ఇందులో నీ జవాబుంది. ప్రశ్న ఏది?"

తర్వాత ఎలా రాయాలో ఆవిడే చెప్పారు. ఫైల్లో మొదటి కాగితం నుంచి ఆఖరి కాగితం దాకా ఏముంటే అది వరసగా ఎక్కించాలి. మనకు పనికొచ్చేవి మాత్రమే ఏరుకోకూడదు. జబ్బు పేరెత్తకూడదు. అడుగున 'వీటికి మీ నిర్ధారణ ఏమిటి?' అని అడిగి ఊరుకోవాలి. ప్రత్యూష మూతి ముడుచుకుని రాయడం మొదలుపెట్టింది. అన్నీ అయ్యాక చివర్న బీపీ, బరువు రాసే నర్సు కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని ఎవరూ తిరగేసి చూడరు. దాని వెనక ఎవరో నర్సమ్మ ఓపిగ్గా రాసింది: మూడు నెలలుగా తలనొప్పి, నడుస్తుంటే గుమ్మాలకు భుజాలు కొట్టుకుంటున్నాయట. ప్రత్యూషకు నవ్వొచ్చింది.

"ఇదీ రాయాలా మేడమ్?"

"ఉంటే రాయాలి," అన్నారావిడ.

చీటీ పట్టుకుని డాక్టర్ గారి గదికి నేనూ తోడు వెళ్ళాను. అప్పటికి నాలుగున్నర. అరుంధతి గారు టీ తాగుతూ, పెన్ను మూత తీసి పట్టుకుని చదువుతున్నారు. మొదటి చీటీయే అయివుంటే ఆ పెన్నుతోనే ఊఁ అని సంతకం పెట్టేసేవారు, నాకు అనుమానం లేదు. భుజాల సంగతి దగ్గరికి వచ్చేసరికి గ్లాసు కింద పెట్టారు. "ఇది నాకు చెప్పనే లేదే ఆ పిల్ల," అని మళ్ళీ మొదటి నుంచి చదివారు. మనిషికి పక్కచూపు తగ్గితే అలా గుమ్మాలు తగులుతాయట. 'ఇంకా తేలలేదు' అని చీటీ మీద రాసి, ఆ అమ్మాయిని వెంటనే పిలిపించమని నర్సుకు చెప్పారు.

వారానికి తేలింది. తలలో కంటి నరాల దగ్గర రేగుపండంత గడ్డ. నెలసరిని ఆపిందీ, చూపును తినేస్తున్నదీ అదే. అదృష్టం, మందులకు లొంగే రకమేనట. పీసీఓడీ అనుకుని, బరువు తగ్గమని చెప్తూ ఇంకో ఆరు నెలలు తిప్పుకుని ఉంటే పోయిన చూపు మళ్ళీ వచ్చేది కాదని అరుంధతి గారే స్వయంగా మా గదికి వచ్చి చెప్పి వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం ప్రత్యూష అన్నం ముట్టలేదు. ఒక పిల్ల కళ్ళు తన చేతి మీదుగా పోయేవి కదా అని అదే పనిగా కుమిలిపోయింది. మేం ఎంత చెప్పినా వినలేదు. చివరికి లేచి వెళ్ళి మేడమ్ ఎదురుగా నిలబడింది.

"ఫైలు చూడగానే అది వేరే జబ్బని మీకు తెలిసిపోయింది కదా మేడమ్? అందుకే నన్ను ఆపారు."

రత్నప్రభ గారు తర్వాతి ఫైలు ముడి విప్పుతున్నారు.

"లేదమ్మా," అన్నారు. "నేనూ పీసీఓడీ అనే అనుకున్నాను."