నలభై గళ్ల పత్రం

"అన్ని దేశాల ఓడలకూ ఒకటే పత్రం!" అంటూ సుంకాధికారి భూపతిరాజు నలభై గళ్ల పత్రం తెచ్చాడు. అది నిండేలోపు సరుకు కుళ్లిపోయేది. రేవులో చిక్కుకున్న నావికులు, నా అన్నవాళ్లు లేని పడవవాడు పోలయ్యతో కలిసి కూడు తినేవాళ్లు. ఓ సాయంత్రం వాళ్లలో ఒకడు ఇల్లు తలచుకుని ఏడ్చాడు.

మర్నాడు ఓడ తనిఖీ చేసిన అధికారిని ఒడ్డుకు తెస్తూ పోలయ్య నడినీళ్లలో పడవ ఆపేశాడు.

"ఓడ మీంచి ఏది ఒడ్డుకు దిగాలన్నా పత్రం ఉండాలన్నారు గదా దొరా, నింపండి."

"నేనెవరో తెలీదట్రా?"

"నాకు తెలుసు దొరా. పత్రానికి తెలియదు గదా!"

ఎండ మాడ్చేస్తుంటే, పన్నెండో గడి దగ్గరే అధికారి "ఇకమీద అందరికీ ఐదు గళ్లు చాల్లేరా!" అని అరిచాడు.

ఇప్పుడు ఓడలు వచ్చిన రోజే వెళ్లిపోతున్నాయి. పోలయ్య మాత్రం ఇంకా నలుగురికి సరిపడా వండుతున్నాడు.