ఆవగింజంత నీలం

అనగనగా, గుర్రాల బదులు మోటారు రథాలు తిరిగే ఒక కొండల రాజ్యం. ఆ రథాలన్నిటికీ ఒకటే జబ్బు. కొండదారి ఘాటు ఎక్కేసరికి ఊపిరాడక ఆయాసపడేవి.

వాటికి గాలి ఎక్కించడానికి టర్బో అనే యంత్రం ఉండేది. అందులో అరచేతిలో ఇమిడే రెక్కల చక్రం ఒకటి, బొంగరం సిగ్గుపడేంత వేగంగా తిరగాలి. అల్యూమినియం చక్రాలు ఏడాది తిరక్కుండానే చీలిపోతున్నాయి. రాజు చాటింపు వేయించాడు: "టైటానియంతో చక్రం చేసి, పున్నమి నాటికి మూడు పరీక్షలు నెగ్గించినవారికే ఇకపై రాజ్యంలోని చక్రాల పనంతా!"

చక్రాలు చేసే కోనమ్మకు ఆ పని కావాలి. రాకపోతే ఆమె కార్ఖానా మూతపడుతుంది. పన్నెండు మందికి పని పోతుంది.

టైటానియం తేలిక, గట్టి, కానీ మహా కోపిష్టి. కోసేటప్పుడు పైన చల్లని నీళ్లు ధారగా పడుతూనే ఉండాలి. ధార ఆగిందా, వేడెక్కి నీలం తేలుతుంది. నీలం తేలిన చోట లోహం పెళుసవుతుంది.

ఆఖరి రెక్క కోస్తుండగా కోనమ్మ ధార ఆగింది. మరుక్షణమే మళ్లీ వచ్చింది. కానీ రెక్క మొదట్లో ఆవగింజంత నీలం మిగిలింది.

పైన దూలంలో కాపురముండే తుమ్మెద తల దించుకుంది. "తప్పు నాదేనమ్మా. నేను తొలిచిన పొట్టు నీళ్ల గొట్టంలో పడింది."

"ఇల్లు కట్టుకోడానికి నా దూలమే దొరికిందా నీకు?"

"తిట్టు, పడతాను. కానీ రేపే పున్నమి. సాన పట్టెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుసు. నాకు తెలుసు. గిరగిరా తిరిగేటప్పుడు చక్రానికి తెలుస్తుంది."

మర్నాడు సభలో, పోటీకి వచ్చిన పేరిశెట్టి చక్రం అద్దంలా మెరుస్తోంది. కోనమ్మ మాత్రం తన చక్రం చూపించి, "ప్రభూ, దీన్ని తిప్పకండి. ఇక్కడ కాలింది. తొమ్మిది రోజులు గడువిస్తే కొత్తది చేస్తాను" అంది.

శెట్టి పకపకా నవ్వాడు. "విస్తరి వేశాక వంట మాడిందన్నట్టుంది! ఆవగింజంత మచ్చకు ఇంత రాద్ధాంతమా, అక్కా?"

రాజు ముఖం చిట్లించాడు. "గడువు గడువే. శెట్టి చక్రం నెగ్గితే పని అతనిదే."

శెట్టి చక్రాన్ని ఇనుప గోతిలో దించి తిప్పారు. మొదట నిదానంగా. నిలిచింది. రెండోసారి వేగంగా. నిలిచింది. కార్ఖానాలో ఎదురుచూస్తున్న పన్నెండు ముఖాలూ కోనమ్మ కళ్ల ముందు మెదిలాయి. నోరు మూసుకుని సాన పట్టి ఉంటే?

మూడోసారి, ఘాటు ఎక్కే వేగంతో.

ఢమాల్!

రాజు ఒక ముక్క ఏరి చూశాడు. మెరుపంతా అలాగే ఉంది. రెక్క మొదట్లో, సాన అందని మూల మాత్రం నీలం.

"ఇదేమిటి శెట్టీ?"

"ఆవగింజంతే, ప్రభూ..."

"ఇది ఘాటు మలుపులో పగిలి ఉంటే?"

రాజు కోనమ్మ వైపు తిరిగాడు. "తొమ్మిది రోజులు తీసుకో తల్లీ."

తుమ్మెద తన కాపురం పెరట్లోని వెదురుకు మార్చింది. పదోనాడు కొత్త చక్రం మూడు పరీక్షలూ నెగ్గింది. మూడోసారి అచ్చం తుమ్మెదలాగే ఝుమ్మంది. కాలిన పాత చక్రాన్ని మాత్రం కోనమ్మ పారేయలేదు. కొత్తగా పనిలో చేరేవాళ్లు చూసేలా కార్ఖానా గుమ్మానికి వేలాడదీసింది.

కప్పిపెట్టిన లోపం ఆపదవేళ బయటపడుతుంది. ఒప్పుకున్న లోపం పనితనానికి పునాది అవుతుంది.