కూర ఉడికేదాకా ఆగని సరంగు

నీళ్ల రంగు చూసి అడుగున ఇసుక ఉందో రాయి ఉందో చెప్పగలిగినా, ఒడ్డున పది నిమిషాలు ఒకరి కోసం ఆగడం మాత్రం చేతకాని ఎల్లాజీ అనే సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, గవ్వలరేవులో ఉండేవాడు.

ఆ రేవు సంఘానికి ఆరు మరబోట్లు. ఒక్కో బోటుకూ ఒక్కో టాబ్లెట్ ఉండేది. ఆ పేరు ఎవరికీ నోరు తిరగక, అందరూ దాన్ని పలక అనేవారు. పలకలో సముద్రం పటం ఉండేది. నీటి కింద రాళ్లు ఎక్కడున్నాయి, వల ఎక్కడ చిరుగుతుంది, ఏ నెలలో ఏ చేప ఎటు వస్తుంది, ఇవన్నీ సరంగులు అందులో గుర్తులుగా పెట్టేవారు. తాతల నాటి నుంచి వచ్చిన విద్య అది. పరాయి చేతికి చిక్కితే ఆరు బోట్లవాళ్ల పొట్ట కొట్టినట్లే. అందుకని ఆ గుర్తులకు ఒక రహస్యపు మాటతో తాళం వేసుకునేవారు. ఆ తాళం తెలిసిన పలకలో గుర్తులు పటం మీద చక్కగా కనిపించేవి. తెలియని పలకలో కోడి కెలికినట్టు పిచ్చిగీతలు కనిపించేవి.

పలకల బాధ్యతంతా పోలమ్మది. ఆమె వయసులో ఎల్లాజీ కంటే పెద్ద, నోటితో ఇంకా పెద్ద. వేట నుంచి వచ్చిన ప్రతి బోటూ ఒక చేపను వలల పాకలోని ఉమ్మడి కుండలో వేయాలి. కుండ పొయ్యి మీద ఉడుకుతుండగా ఆరు పలకలనూ చాప మీద వరసగా పెట్టాలి. అప్పుడు ఒక పలకలోని కొత్త గుర్తులు మిగతా అయిదింటికీ చేరేవి. ఆరూ ఒకటయ్యాక ఒక్కోదాని మీద ఒక్కో పచ్చచుక్క వెలిగేది.

"ఆరు సుక్కలూ ఎలిగితేనే మూత తీత్తాను" అనేది పోలమ్మ. అది ఆ రేవు కట్టుబాటు.

ఎల్లాజీకి ఈ కట్టుబాటు గిట్టేది కాదు. చేపను కుండలోకి విసిరేసి, పలకను చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టేవాడు.

"కూర ఉడికేదాకా ఆగలేవేటి ఎల్లాజీ?" అని అడిగేది పోలమ్మ.

"నా పలకలో ఉన్నదే నిజం అక్కా. కావాలంటే ఆళ్లనే వచ్చి సూసుకోమను."

"నీకు తెలిసింది ఆళ్లకి తెలియాల. ఆళ్లకి తెలిసింది నీకు తెలియాల. అందుకు గదా ఇదంతా!"

"ఆళ్లకి తెలిసి నాకు తెల్దేటి?" అని నవ్వి వెళ్లిపోయేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఎవరేం చెప్పగలరు?

ఇలా ఉండగా తాతారావు అనే సరంగు చేపల సంతలో తన పలకను పోగొట్టుకున్నాడు. పోలమ్మ ఆ పూటే తాళపు మాట మార్చేసింది. పోయిన పలక ఎవరికి దొరికినా ఇకమీదట గుర్తులేవీ దానిలో తెరుచుకోవన్నమాట. తాతారావుకు వేరే పలక ఇచ్చింది. ఒక్కో సరంగునూ పిలిచి కొత్త మాట చెవిలో చెప్పింది. మాట తెలిస్తే సరిపోదు. తాళం మారిన పలక పక్కన మన పలకను పెట్టి, రెండింటినీ కలుపుకోవాలి కూడా.

ఎల్లాజీకీ కబురు వెళ్లింది. అతను పాక గుమ్మంలోనే నిలబడి, నలుగురూ వినేలా నవ్వాడు.

"పలకనే కాపాడుకోలేనోడు బోటునేటి కాపాడతాడు! ఆడు పారేసుకుంటే నానెందుకు కూకోవాలి? రేపు సూద్దాం లే."

తాతారావు ముఖం మాడిపోయింది. ఎల్లాజీ రేపు అన్న రేపు మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

ఆ వారంలోనే ఉత్తరం వైపు ఎల్లాజీ వల ఏదో ఇనుముకు తగిలి నిలువునా చిరిగింది. అడుగున ఎప్పుడో మునిగిన పడవ ఒకటి ఉంది. దాని కొమ్ములాంటి మొన నీటి మట్టానికి రెండు మూరల లోతులోనే ఉంది. ఎల్లాజీ వెంటనే పలకలో ఆ చోట నల్లని ఇంటూ గుర్తు పెట్టాడు. పెట్టడం అయితే పెట్టాడు గానీ, ఒడ్డుకు చేరగానే ఆకలి గుర్తొచ్చింది. పలక చంకలోకి వెళ్లింది, ఇంటూ గుర్తు పలకలోనే ఉండిపోయింది. తమ్ముడు దానేసుకైనా చెప్పాలని తోచలేదు. దానేసు ఎప్పుడూ తన బోటుతో దక్షిణానికే వెళ్లేవాడు మరి.

నాలుగు రోజులు గడిచాయి. ఎల్లాజీ వేటలో ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం. ఉన్నట్టుండి పలక కీచుమని అరిచింది. తెర మీద ఎర్రచుక్క వెలిగింది, దాని పక్కన నాలుగు వరసల పిచ్చిగీతలు.

ఎర్రచుక్క అంటే ఆపద అని అందరికీ తెలుసు. ఎవరికి, ఎక్కడ అన్నది ఆ గీతల్లో ఉంది. ఒక పలక నుంచి సముద్రం మీద మాట అందేది దగ్గర్లో ఉన్న పలకకే. అంటే ఆపదలో ఉన్నవాళ్లకు అందరికంటే దగ్గరగా ఉన్నది ఎల్లాజీయే.

"ఎవులది బాబూ?" అని అడిగాడు బోటులో పనిచేసే ముసలి కలాసీ కామయ్య.

"అదే సదవలేకపోతన్నాను" అన్నాడు ఎల్లాజీ. పాత మాట కొట్టాడు. తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. గీతలు గీతల్లాగే ఉన్నాయి.

వైర్‌లెస్ అందుకుని ఒక్కో బోటునూ పిలిచాడు. నలుగురు పలికారు, నలుగురూ క్షేమంగానే ఉన్నామన్నారు. పలకనిది ఒక్క దానేసు బోటే.

ఎల్లాజీ గుండెలో రాయి పడింది. తమ్ముడు ఎక్కడున్నాడో చెప్పే మాట తన చేతిలోనే ఉంది. కానీ తనకు అది అర్థం కాదు. చుట్టూ చూశాడు. ఎటు చూసినా నీళ్లే. ఏ దిక్కని వెతుకుతాడు? తప్పు దిక్కుకు వెళ్తే తిరిగొచ్చేసరికి తమ్ముడు ఉంటాడా?

పిలిచినవాళ్లలో దగ్గరున్నది తాతారావు. నలుగురిలో తాను చూసి నవ్విన తాతారావు. ఎల్లాజీ వైర్‌లెస్‌ను కిందికి దించేశాడు. కామయ్య అతని భుజం తట్టాడు.

"పరువు ఒడ్డున దొరుకుద్ది బాబూ. తమ్ముడు దొరకడు."

ఎల్లాజీ వైర్‌లెస్‌ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "తాతారావూ, నాను ఎల్లాజీని. దానేసు ఆపదలో ఉన్నాడు. కబురు నా పలకలో ఉన్నాది, నాకు తెరుసుకోదు. నా పలకని నీదాంతో కలుపు. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఒక్క క్షణం గరగరమని చప్పుడు. తర్వాత తాతారావు గొంతు వినిపించింది. "ఎదురొత్తన్నాను. నువ్వు తూరుపుకి పట్టు."

అరగంటలో రెండు బోట్లూ పక్కపక్కకు వచ్చాయి. ఎల్లాజీ పలకను గుండెకు అదుముకుని అటు దూకాడు.

"నిన్ను సూసి నలుగురిలో నవ్వాను, తాతారావూ…"

"నవ్విందాని సంగతి ఒడ్డున సూసుకుందాం. ముందు సెవి ఇలా తే."

తాతారావు కొత్త మాటను చెవిలో చెప్పాడు. రెండు పలకలనూ తడి చెక్క మీద పక్కపక్కన పెట్టారు. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. ఎల్లాజీ చూపు తిప్పకుండా, కాలు కదపకుండా కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక పని పూర్తయ్యేదాకా ఆగడం అదే మొదటిసారి.

రెండు పచ్చచుక్కలు వెలిగాయి. గీతలు అక్షరాలయ్యాయి.

"మునిగిన పడవ తగిలింది. నీళ్లు వస్తున్నాయి. వైర్‌లెస్ తడిసిపోయింది. అయిదుగురం ఉన్నాం. దానేసు."

ఎర్రచుక్క పటం మీద జరిగి జరిగి ఉత్తరాన ఒకచోట ఆగింది. సరిగ్గా అక్కడే నల్లని ఇంటూ గుర్తు ఉంది. దాని కింద నాలుగు రోజుల కిందటి తారీఖు ఉంది.

తాతారావు ఆ గుర్తును చూశాడు, ఎల్లాజీ ముఖం చూశాడు.

"నానెట్టిన గుర్తే ఇది" అన్నాడు ఎల్లాజీ. కళ్లనీళ్లు ఆగలేదు. "వంజరం సేపల గుంపు కోసం అటెళ్లుంటాడు. ఆడికి తెల్దు. నాకు తెలుసు. నా తమ్ముడి బోటుకి సిల్లు పెట్టింది ఆ పడవ కాదు, నానే."

"ఏడుపు తరవాత" అన్నాడు తాతారావు. "ఎల్లి నీ ఇంజను పట్టు. రాళ్ల మజ్జలోంచి దారున్నాది, అటెళ్తే సగం దూరం కలిసొత్తాది."

"ఆ రాళ్లలోంచి దారేటి?"

"పటం సూడు. నానెట్టి రెండు నెలలయింది" అన్నాడు తాతారావు. ఆపదలోనూ అతని పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది.

ఎల్లాజీ పటం చూశాడు. నిజమే. తాను ఎప్పుడూ చుట్టూ తిరిగే ఆ రాళ్ల మధ్య సన్నని నీలిగీత ఉంది. ఆ ఒక్క దారే కాదు, పటం నిండా తనకు తెలియని గుర్తులే! ఇన్నాళ్లూ సగం సముద్రాన్నే మొత్తం సముద్రం అనుకున్నాడు.

రెండు బోట్లూ ఆ నీలిగీత వెంట దూసుకుపోయాయి. రాళ్లు అటూ ఇటూ నురగలు కక్కుతున్నాయి. ఎల్లాజీ పటం మీద ఒక కన్ను, నీళ్ల మీద ఒక కన్ను వేసి చుక్కాని పట్టాడు. ఒక్క రాయీ తగలలేదు.

దానేసు బోటు అంచుల దాకా మునిగి ఉంది. అయిదుగురూ చేతికి దొరికినదానితో నీళ్లు తోడుతున్నారు. అన్నం వండుకునే గిన్నెను కూడా వదల్లేదు. వస్తున్న బోట్లను చూసి దానేసు గిన్నె పైకెత్తి ఊపాడు.

"అన్నా! కబురందిందేటి!"

"అందింది రా, అందింది!" అని అరిచాడు ఎల్లాజీ. అతనికి ప్రాణం లేచివచ్చింది.

మనుషులను ఎక్కించుకోవడమే కాదు, బోటునూ వదల్లేదు. చిల్లులో గోనెసంచులూ చిరిగిన వల ముక్కలూ కుక్కి, రెండు బోట్లవాళ్లూ తలా ఓ చెయ్యి వేసి నీళ్లు తోడారు. చెరో పక్కా మోకులు కట్టి దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చారు. పొద్దు వాలేసరికి రేవు నిండా జనం. మూడు బోట్లూ కలిసి కనిపించగానే ఆడవాళ్లు కొంగులు ఊపుతూ నీళ్లలోకి పరుగెత్తారు. పిల్లల ఈలలతో రేవు దద్దరిల్లింది.

పాకలో కుండ ఉడుకుతూ ఉంది. ఎల్లాజీ అందరికంటే ముందు వచ్చి చేప వేశాడు. చాప మీద పలక పెట్టి దాని ముందు బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. పోలమ్మ దానేసు పలకను తన కొంగుతో తుడిచి వరసలో చివర పెట్టింది. ఒకటి, రెండు, మూడు… ఆరు పచ్చచుక్కలూ వెలిగాయి. పాక పాకంతా సంబరంగా కేకలు వేసింది.

"ఇప్పుడు మూత తీత్తాను" అంది పోలమ్మ.

మొదటి ముద్ద ఎల్లాజీ తన చేత్తో తాతారావుకు పెట్టాడు. "బోటుని కాపాడేటోడు ఎవులో ఇయాల తెలిసింది" అని అందరి ముందూ అన్నాడు. తాతారావు ఆ ముద్ద తింటూ, "ఉప్పు తక్కువైంది, బావా" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఎల్లాజీయే.

ఆ తర్వాత గవ్వలరేవులో పాక గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "సుక్కలు ఎలిగేదాకా ఎవులూ కదలకండి" అని గద్దించే మనిషి ఒకడు తయారయ్యాడు. కొత్తగా వచ్చినవాళ్లు అతన్ని చూసి పోలమ్మ తమ్ముడేమో అనుకునేవారు. ఆరు బోట్లకూ ఆ నీటిలో మళ్లీ తెలియని రాయి తగల్లేదు.

నీతి: తెలిసినదాన్ని తన దగ్గరే దాచుకున్నవాడు నలుగురికీ తెలిసినదాన్ని కూడా పోగొట్టుకుంటాడు, ఓపికతో అందరితో కలుపుకున్న తెలివే ఆపదలో అందరినీ ఒడ్డుకు చేరుస్తుంది.