వంతెనకు ఇవతలి నోట్లు

పరాంకుశం మాష్టారిని ఏదైనా అడిగితే ముందు కళ్లజోడు తీసి కండువా చెంగుతో తుడుస్తారు. అంతసేపూ మన ప్రశ్న మన చెవుల్లోనే తిరుగుతూ ఉంటుంది. శనివారం గీతాపాఠానికి పాలకొల్లులో ఆయన వరండాకు చేరే ఏడెనిమిది మందిమీ దీనికి అలవాటు పడిపోయాం.

ఆ శనివారం అడిగింది సుభాషిణి. పదకొండేళ్లుగా మంచంలో ఉన్న అత్తగారికి సేవ చేస్తోంది. నాలుగింటికి మందు వెయ్యాలని గడియారం వైపు చూస్తూనే అడిగింది.

"మాష్టారూ, ఇదంతా పైలోకంలో లెక్కకొస్తుందా? రాదంటే చెప్పెయ్యండి. రేపట్నించి ఆయాను పెట్టి నేను కాళ్లు చాపుకుని పడుకుంటాను."

ఎవరూ నవ్వలేదు. ఆమె గొంతులో కోపం కూడా లేదు, కోప్పడే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

మాష్టారు అద్దాలు తుడవడం ముగించి లెసోతో సంగతి ఎత్తారు. వయసులో ఉండగా ఆయన ఆరేళ్లు అక్కడ లెక్కలు చెప్పారు. ఆఫ్రికాలో చిన్న కొండల దేశం, చుట్టూ నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే. వాళ్ల డబ్బు పేరు లోటి. లోటికీ పొరుగుదేశపు రాండ్‌కీ విలువ సరిసమానం. లెసోతోలో రెండూ చెల్లుతాయి, కొట్లో చిల్లర కూడా రెండూ కలిపే ఇస్తారు. సరిహద్దు వంతెన దాటాక మాత్రం లోటి తీసుకునేవాడు దొరకడం కష్టం. అందుకని అవతల పనిపడేవాళ్లు చేతికొచ్చిన రాండ్ నోట్లు ఏరి వేరే ముడి కట్టుకునేవారట.

ఒక ఆదివారం మాష్టారు ఆ వంతెన దగ్గర వరసలో నిలబడ్డారు. ఆయన ముందు మాథాబో, ఆయన పాఠాలు చెప్పే బడిలో వంటచేసే పెద్దావిడ. ఆమె భర్త అవతలి దేశం గనుల్లో పనిచేస్తూ ఆసుపత్రిలో పడ్డాడు. సాయంత్రం దాకా ఉంటాడో లేదో తెలియదు. బస్సు డబ్బులు సిద్ధంగా పెట్టుకుందామని కంబళి అంచున ముడి విప్పి చూసి బిక్కచచ్చిపోయింది. పొద్దున భర్త కోసం నారింజలు కొంటూ, తొందరలో రాండ్ల ముడి విప్పి ఇచ్చేసింది. కొట్టువాడికి రెండూ ఒకటే గనక మాట్లాడకుండా తీసుకున్నాడు. మిగిలినవన్నీ లోటి నోట్లే. మార్చే బ్యాంకు ఆదివారం మూత.

"రెండిటి విలువా ఒకటేనమ్మా, బస్సువాడికి నేను చెప్తాను" అన్నారట మాష్టారు. లెక్కల మాష్టారు కదా, చెబితే వింటారనే నమ్మకం. ఆమె నోట్లు చేతిలో పట్టుకుని అలాగే నేలమీద కూలబడింది.

అప్పుడు అవతల నుంచి, గని పని ముగించుకుని ఇంటికొస్తున్న కూలీ ఒకడు నెత్తిన రేకుపెట్టెతో ఎదురొచ్చాడు. నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి. ఏమైందని కూడా అడగలేదు. ఆమె చేతిలోవి చూశాడు, పెట్టె దించాడు, జేబులోంచి అన్నే రాండ్లు తీసి ఆమె ఒళ్లో పెట్టి లోటి నోట్లు తీసుకున్నాడు.

"నేను ఇంటికేగా పోతున్నాను. నాకు ఇవి చెల్లుతాయిలే అమ్మా" అని పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మాష్టారు అక్కడ ఆపేశారు.

"ఆవిడ భర్తను చూడగలిగిందా?" అంది సుభాషిణి.

"చూసింది. నారింజ వలిచి నోట్లో పెట్టిందట."

సుభాషిణి గడియారం సంగతి మరిచిపోయింది. "మరి మీ దగ్గర రాండ్లు లేవా మాష్టారూ?"

ఆయన కళ్లజోడు మళ్లీ తీశారు. ఈసారి తుడవలేదు.

"ఉన్నాయి. అవతల కుక్కర్ కొనుక్కుందామని దాచుకున్నవి. ఆ కొండల మీద మామూలు గిన్నెలో కందిపప్పు ఉడికేది కాదు."

కళ్లజోడు చేతిలోనే పట్టుకుని సుభాషిణి వైపు తిరిగారు.

"అతను ఇంటికి పోతున్నాడమ్మా, ఇచ్చాడు. నేను అవతల ఏది చెల్లుతుందా అని లెక్క చూసుకుంటూ నిలబడ్డాను, జేబులో చెయ్యి పెట్టలేదు."