తలుపు లేని ఐసుగది

సముద్రం ఒడ్డున ముగ్గురుండేవారు. ఒకామె ఐసు దిమ్మలు చేసేది, అందరూ ఆమెను ఐసమ్మ అనేవారు. ఒకాయన పడవల్ని చేపల వేటకు పంపేవాడు. ఇంకొకాయన ఆ చేపల్ని బళ్ల మీద పట్నానికి చేర్చేవాడు. ఏ ఒక్కరు లేకపోయినా మిగతా ఇద్దరి ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా తమ దగ్గర ఏముందో ఎవరూ పైకి చెప్పేవారు కారు.

ఐసమ్మకు కుదురుండేది కాదు. గాలి మారితే చాలు, వాకిట్లోకొచ్చి సముద్రం వంక చూసేది. మళ్లీ లోపలికెళ్లి ఊక కప్పిన దిమ్మల్ని తడిమేది.

ఒక వారం వంద దిమ్మలు చేసింది. ఒక్క పడవా రాలేదు. ఐసంతా నీళ్లై వీధిలోకి పారింది. మరుసటి వారం భయపడి ఇరవయ్యే చేసింది. పడవలన్నీ నిండుగా వచ్చాయి. మధ్యాహ్నానికి ఒడ్డంతా కంపు. వల లాగిన చేతులే ఆ చేపల్ని ఇసుకలో పూడ్చాయి.

"ముందుగా ఒక్క మాట చెబితే ఏం పోయేదన్నా?" అని పడవలాయన్ని నిలదీసింది.

"చెబితే ఆ బళ్లాయన ధర తగ్గించమని నా నెత్తినెక్కుతాడు. ఇంతకీ నీ దగ్గర ఎంత ఐసుందో నువ్వెప్పుడైనా చెప్పావా?"

ఐసమ్మ వెనుదిరిగింది. ఇంటికొచ్చి, లోపల ఎంత ఐసుందో అందరికీ కనబడేలా ఐసుగది తలుపు ఊడదీయించింది.

దాంతో రోజూ నాలుగు దిమ్మలు ఎక్కువ కరిగేవి. బళ్లాయన లోపలికి తొంగిచూసి, "ఐసు నిండుగానే ఉందిగా, తొందరేముంది" అని బళ్లు ఆలస్యంగా పంపేవాడు. చూసినవాళ్లు నవ్వారు. తలుపు మళ్లీ పెట్టించనా అని ఆమె రోజుకు పదిసార్లు గుమ్మం దాకా వెళ్లేది. తలుపు ఊడిన ఖాళీ బందులు పట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చేది.

ఒక ఉదయం పడవలాయన వచ్చాడు. దిమ్మల్ని కళ్లతోనే లెక్కపెట్టాడు. గొంతు తగ్గించాడు.

"రేపు మూడు పడవలు దించుతున్నా చెల్లెమ్మా. ఎల్లుండి పొద్దున్నకి వచ్చేస్తాయి. ఈ మాట బళ్లాయన చెవిన పడనీకు."

"నాకు తలుపు లేదన్నా."

వీధిలో ఆగి వింటున్న బళ్లాయన ఉండబట్టలేకపోయాడు. "మూడు పడవలా? నాకున్నవి రెండు బళ్లే!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

పడవలాయన అతని వైపు తిరిగాడు.

"అయితే రెండే దించుతాను" అన్నాడు.